మన పెరటి పండ్లు – వాని వలస కథ

మంగళగిరి సీమలో ఏ పల్లెకు బోయినను పెరటిలో జామయో, బొప్పాయియో, సీతాఫలమో కనబడకపోదు. వానిని మన తాతముత్తాతలనాటి చెట్లని తలంతుము. సీతమ్మవారి పేరు పెట్టుకొనిన పండు పరదేశపు పండని యెవ్వరైన చెప్పినచో ఊరిపెద్దలు నవ్వి ఊరకుందురు. అయినను చరిత్ర యను జమాఖర్చు పుస్తకమును తిప్పి చూచినచో ఈ మూడును, వీనితోపాటు మన కళ్లములను ఎఱ్ఱబఱచు మిరపయు, సముద్రము దాటి మన గడ్డకు వచ్చిన విత్తనముల సంతతియే యని తేలుచున్నది.

నేను పండితుడను గాను. మా పెద్దలు కరణీకము చేసిరి. నేనును లెక్కలు వ్రాసి జీవించువాడను. కావ్యములను, శాసన సంపుటములను ఈ గ్రంథాలయపు బల్లలయొద్దనే కూర్చుండి స్వయముగ చదువుకొంటిని. లెక్కలు చూచుట యలవాటైనవానికి ఒక గుణమబ్బును: పద్దులో నున్నదానినే కాక, లేనిదానినిగూడ చూచును. ఈ వ్యాసమునకు ఆ చూపే ఆధారము.

శాసనముల సాక్ష్యము

మన ప్రాచీనులెఱిగిన పండ్లు కొలది కాదు. అమరకోశము ద్వితీయకాండమున వనౌషధివర్గమును తెఱచినచో మామిడి, పనస, నేరేడు, వెలగ, రేగు, మారేడు, దానిమ్మ మున్నగువాని పర్యాయపదములు వరుసగ కనబడును. మన కొండలలో తునికి, పాల, మొఱ్ఱి, కలివి, బలుసు పండ్లు నేటికిని దొరకును. ఇవి యీ నేలలోనో, దీని యిరుగుపొరుగుననో పుట్టినవి. కాని అమరమున సీతాఫలమను పేరు కానరాదు; జామకు, బొప్పాయికి పేరే లేదు.

కోశమునందు లేనంతమాత్రమున లోకమునందు లేదనరాదు కదా యని చదువరులు ప్రశ్నింపవచ్చును. అందుచే సుంకపు లెక్కలను చూతము. కవి మఱచినను సుంకరి మఱవడు. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనము ప్రసిద్ధము. ఓడ పగిలి యొడ్డునకు కొట్టుకొనివచ్చిన వర్తకుల సొమ్మును రాజులు హరించు దురాచారమును మాన్పి, న్యాయమైన సుంకమునే పుచ్చుకొందుమని ఆ ప్రభువు అందు ప్రకటించెను. గంధము, కర్పూరము, పన్నీరు, దంతము, ముత్యములు, పగడములు, రాగి, సీసము, పట్టు, మిరియములు, పోకలు – ఇట్లు ఓడసరకుల పట్టిక ఆ శాసనమున గలదు. కారపు సరకులలో మిరియములేగాని మిరపకాయ లేదు.

ఇంతకంటె మనకు దగ్గఱిది కొండవీటి శాసనము. 1515లో శ్రీకృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరుసు కొండవీటిని జయించిన వార్త మన మంగళగిరి శాసనమునందే కలదు. ఆ మంత్రి మేనల్లుడు నాదెండ్ల గోపన కొండవీటిని పాలించుచు 1520లో వేయించిన శాసనమున దేవాలయమునకు చెందవలసిన సంత సుంకములు సరకువారీగా చెక్కబడినవి. జొన్నలు, సజ్జలు, ఉప్పు, మామిడికాయలు, ఉసిరిక, వంకాయలు ఒక తరగతి. ఉల్లి, పసుపు, మెంతులు, జీలకఱ్ఱ, ఆవాలు, అల్లము, నిమ్మపండ్లు, కొబ్బరికాయలు మఱియొక తరగతి. బెల్లము, పత్తి, నేయి, ఆముదము, శొంఠి ఇంకొకటి. పిప్పళ్లు, మిరియములు, లవంగములు, జాజికాయ మున్నగునవి హెచ్చు సుంకపు తరగతి. చదువరులు ఈ పట్టికను మరల నొకమాఱు చదువ ప్రార్థన. పత్తి యున్నది, మిరప లేదు. నేడు గుంటూరు సీమ యనగానే లోకమునకు స్ఫురించునవి పత్తియు మిరపయు. అందు రెండవది 1520 నాటి కొండవీటి సంతలో లేనే లేదు!

ఆ చక్రవర్తియే రచించిన ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింట అతిథులకు ఋతువునకు తగిన భోజనము పెట్టిన వర్ణన కలదు. చలికాలపు విందులోని వేడికూరలకు కారము నిచ్చినది మిరియపు పొడి. రాయలవారి వంటయింటను మిరపకాయ లేదన్నమాట.

పేర్లే దస్తావేజులు

మఱి యెప్పుడు వచ్చినవి? 1492లో కొలంబసు అమెరికా దీవులను చేరెను. 1498లో వాస్కో డ గామా కళ్లికోట చేరెను. 1510లో గోవా పోర్చుగీసువారి వశమయ్యెను. 1565 మొదలు 1815 వఱకు స్పెయినువారి ఓడలు మెక్సికో తీరమునుండి పసిఫిక్ మహాసముద్రము మీదుగ ఫిలిప్పీను దీవులలోని మనిలాకు నడచినవి. అమెరికా ఖండపు విత్తనములు ఈ రెండు త్రోవలను తూర్పుదేశములకు వచ్చినవి. మన తీరమున 1605 ప్రాంతమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమున వర్తకమారంభించిరి. ఆ యేటనే ఆంగ్లేయుల ఓడ నేటి నిజాంపట్టణపు రేవునను దిగినది.

ఓడనుండి దిగిన విత్తనమునకు మనవారు పేరుపెట్టిన తీరు మిక్కిలి రమ్యము. తెలిసిన వస్తువు పేరునకు ఒక విశేషణము చేర్చుట మొదటి పద్ధతి. మిరియము వలె మండు కాయ గనుక మిరపకాయ. జీడిగింజ వలె సొన గలిగి, మామిడి కులపు చెట్టగుటచే జీడిమామిడి. ముంతవంటి పండు గలది గనుక ముంతమామిడి. ‘సీమ’ యనగా పరదేశము. మెక్సికో చెట్టు సీమచింత యైనది. సపోటాకు సీమఇప్ప యను పేరు గలదు. సపోటాయు ఇప్పయు ఒక్క కుటుంబపు చెట్లేయని వృక్షశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సంగతి మన పల్లెవారి కంటికిని తోచినదన్నమాట. బొప్పాయికి మదనానప యను పేరును, ఫిరంగులు తెచ్చినదగుటచే పరంగికాయ యను పేరును గలవు.

రెండవ పద్ధతి, వచ్చిన పేరునే నోటికి తగినట్లు మార్చుకొనుట. బ్రెజిలు దేశపు ఆదివాసుల మాట పోర్చుగీసువారి నోట ‘అనానాసు’ అయి, మనకు అనాసయైనది. ఈ పండు ఫిరంగుల రేవులనుండి వచ్చుననియు, ఆగ్రాలోని తన తోటలో ఏటేట వేలకొలది కాయుచున్నదనియు జహంగీరు పాదుషా తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. జావా దీవిలోని డచ్చివారి రాజధాని బటేవియా పేరే మన బత్తాయి యైనదని చెప్పుదురు.

మూడవ పద్ధతి, పరదేశిని మన యింటి దేవుని పేర పిలుచుకొనుట. సీతాఫలము, రామాఫలము, లక్ష్మణఫలము, టమాటాకు రామములగ. మూడు ఫలములును అమెరికా ఖండపు ఒక్క కుటుంబమువే. అరణ్యవాసము చేసిన ముగ్గురి పేర్లను ఆ కుటుంబమునకు పంచియిచ్చిన మనవారి యౌచిత్యమును మెచ్చుకొనవలెను. ఈ యలవాటు నేటికిని పోలేదు. 2021 జనవరిలో గుజరాతు ప్రభుత్వము డ్రాగన్ పండునకు ‘కమలమ్’ అని పేరుపెట్టినది.

సీతాఫలపు వివాదము

సీతాఫల విషయమున పండితులలో భిన్నాభిప్రాయములు గలవు. 1879లో ప్రకటించిన భార్హుత స్తూప గ్రంథమున కన్నింగుహాముదొర అచ్చటి శిల్పములలోని యొక ఫలమును సీతాఫలముగ గుర్తించి, ఇది యిచ్చటనే ప్రాచీనకాలమునుండి కలదని వాదించెను. అది పనసయో, పద్మపు మొగ్గయో, వట్టి అలంకారమో కావచ్చునని ఇతరులు ప్రతివాదము చేసిరి. 2009లో ఉత్తరప్రదేశములోని తోక్వా యను చోట త్రవ్వకములలో దొరకిన కాలిన గింజ సీతాఫలపు గింజయే యనియు, అది క్రీస్తుపూర్వము రెండవ సహస్రాబ్ది నాటిదనియు కొందఱు శాస్త్రజ్ఞులు ఒక పత్రము ప్రకటించిరి. అయినను ఈ చెట్టు దగ్గఱి బంధువర్గములో అధికభాగము అమెరికా ఖండముననే యుండుటచే, పోర్చుగీసు కాలముననే వచ్చినదను పక్షమే అధిక సంఖ్యాకులకు సమ్మతము. కొండవీటి కొండలపై ఎవ్వరును నాటకయే గుంపులు గుంపులుగ పెరుగు సీతాఫలపు చెట్లను చూచినవారికి ‘ఇది మనది కాదు’ అన్న మాట మ్రింగుడు పడదు. నాలుగువందల యేండ్లు ఒక కొండపై వానకు తడిసి యెండకెండిన చెట్టును పరదేశి యని యెన్నాళ్లు పిలుతుము?

ఏ గింజ ప్రయాణించును?

సీతాఫలము, బొప్పాయి, జామ, మిరప మన దేశమంతట వ్యాపింపగా, అదే సముద్రములపై సంచరించిన మఱికొన్ని మంచిపండ్లు ఏల రాలేదు? కారణము గింజ స్వభావమున గలదు. 1973లో రాబర్ట్సు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు విత్తనములను రెండు జాతులుగ విభజించెను. ఎండబెట్టి దాచినను బ్రతికియుండునవి మొదటి జాతి. ఎండినతోడనే చచ్చునవి రెండవ జాతి. మిరప, బొప్పాయి, సీతాఫలపు గింజలు మొదటి జాతివి. మూటలో కట్టి, ఓడలో నెలలకొలది యుంచినను మొలచును. మామిడిటెంక, పనసపిక్క, నేరేడుగింజ రెండవ జాతివి. కొన్ని వారములు దాటినచో వట్టి పుల్లలే. మాంగోస్టీను మున్నగు తూర్పుదీవుల పండ్ల గింజలును ఇట్టివే. కనుక మొదటిజాతి గింజ నావికుని జేబులో ప్రయాణించినది. రెండవదానికి రాజాజ్ఞయో, తోటమాలియో, మంచినీటి పీపాయో కావలసివచ్చినది.

దీనికి మన తెలుగునాటనే దృష్టాంతము గలదు. విలియం రాక్సుబరో అను వైద్యుడు 1781 మొదలు 1793లో కలకత్తా తోటకు బోవువఱకు గోదావరి మండలమున సామర్లకోటయందు పరదేశపు మొక్కల తోటను పెంచెను. కాఫీ, దాల్చిని, జాజి, రొట్టెపండు, మిరియపు తీగ మున్నగువానిని అచ్చట పెంచి చూచెను. అందు మన మైదానపు ఎండకు ఓర్చి యింటింటి పంటయైనది ఒక్కటియు లేదు. ప్రభుత్వపు వ్యయముతో వచ్చిన మొక్కలు నిలువక, ఎవ్వరు తెచ్చిరో తెలియని సీతాఫలము కొండలనాక్రమించుట వింత కాదు. గింజకు నేలయు గాలియు సరిపడవలెను. అధికారముతో పని లేదు. కాఫీకి నేల కుదిరినది విశాఖ మన్యపు కొండలయందు.

మన మామిడి మాత్రము ఎదురు ప్రయాణము చేసినది. 1782లో హిందూమహాసముద్ర దీవులనుండి మామిడి మొక్కలను గొనిపోవు ఫ్రెంచి ఓడను ఆంగ్లేయ నౌకాదళము పట్టుకొని, మొక్కలను జమైకాలో నాటించెను. 1889లో భారతదేశమునుండి ముల్గోబా మామిడి మొక్కలు అమెరికాలోని ఫ్లోరిడాకు చేరినవి. ఆ చెట్టు టెంకను 1902లో హేడెను అను సైనికుడు నాటగా, 1910లో తల్లిని మించిన రంగుపండు కాచినది. నేటి అంతర్జాతీయ విపణిలోని పెక్కు మామిళ్లు దాని సంతతివి.

టెంకలోని అదృష్టము

ఈ హేడెను కథలో మన రైతులెఱిగిన రహస్యమే యున్నది. మన మామిడిలో ఒక టెంకకు సాధారణముగ ఒక్కటే పిండముండును. అది తల్లిదండ్రుల కలయికవలన పుట్టినది. కనుక రసాల టెంక నాటినచో రసాలే కాయునను నమ్మకము లేదు. పులుపు కావచ్చును, పీచు కావచ్చును, నూటికొకటి అమృతమును కావచ్చును. ఆ యొకటి దొరకినప్పుడు మనవారు దానికి పేరుపెట్టి, అంటు కట్టి వంశము నిలిపిరి. చిన్నరసము, పెద్దరసము, చెఱకురసము, సువర్ణరేఖ, పంచదారకలశము, కొత్తపల్లికొబ్బరి – ఈ పేర్లన్నియు ఎవ్వరో యొకరు ఒకానొక వేసవిలో ఒక క్రొత్తచెట్టు పండును కొఱికి, ‘ఇది వేఱు’ అని గుర్తించుటచే పుట్టినవి. నాలుకయే మొదటి పరిశోధనశాల.

మిరప సంగతియు ఇట్టిదే. గుంటూరు సమీపమున లాం గ్రామమునందలి పరిశోధనాక్షేత్రము జి.4 అను భాగ్యలక్ష్మి, ఎల్.సి.ఏ. 334 మున్నగు రకముల నిచ్చినది. వానికి పూర్వము రైతే విత్తనకర్త. తెగులు లేని చెట్టును మొదలే గుర్తించి, తొలికోత విడిచి, తరువాతి కోతలో నిండుగ పండిన కాయలను వేఱుగ నెండబెట్టి, గింజ దులిపి, బూడిద కలిపి కుండలో దాచెడివాడు. మిరపపూవు పొరుగు చెట్ల పుప్పొడిని పుచ్చుకొనును గనుక, విత్తనపు మడిని తక్కిన రకములకు దూరముగ నుంచవలెనన్న తెలివియు వానికుండెడిది. ఇప్పుడు మనలో పెక్కండ్రము సంకరవిత్తనమును పది గ్రాముల పొట్లములుగ కొనుచున్నాము. దిగుబడి హెచ్చినమాట నిజము. కాని సంకరజాతి కాయనుండి తీసిన గింజ మఱుసటి యేట తల్లివలె కాయదు. కుండ ఖాళీయైనది, ఏటేట ఖర్చు పద్దున ఒక పంక్తి చేరినది.

క్రొత్త చుట్టములు, క్రొత్త జాగ్రత్తలు

ఇప్పుడు మరల పండ్ల వలస సాగుచున్నది. కడియము నర్సరీలలో డ్రాగన్ పండు, రాంబుటాను, అవకాడో మొక్కలు దొరకుచున్నవి. విదేశములలోనున్న మన పిల్లలు సెలవులకు వచ్చునప్పుడు అపూర్వపు పండ్ల గింజలను సంచిలో తెత్తురు. ఈ యుత్సాహమును నేను నిందింపను. పూర్వము నావికుడట్లు తేకున్నచో మనకు మిరపయే లేదు. కాని ఒక్క మాట. గింజతోడను మొక్కతోడను పురుగులును వచ్చును. 2008లో బొప్పాయి పిండినల్లి కోయంబత్తూరు ప్రాంతమున కనబడి తోటలను నాశనము చేసినది. దాని శత్రుకీటకమును పరదేశమునుండి తెప్పించి విడిచినపిదపగాని అదుపునకు రాలేదు. ఆగ్నేయాసియానుండి వచ్చిన నల్ల తామరపురుగు మన దేశమున మొదట 2015లో బొప్పాయిపైననే గుర్తింపబడి, 2021–22లో మన మిరపచేలను ఎట్లు దున్నివేయించినదో ఈ సంచిక చదువువారికి నేను చెప్పనక్కఱలేదు. కనుకనే విదేశపు విత్తనమునకు అనుమతిపత్రమును, ఆరోగ్యపత్రమును ఉండవలెనని శాసనము. అది అధికారుల వేధింపు కాదు, మన చేని కంచె.

మఱియొక శాసనము మనకు రక్షణగ నున్నది. 2001 నాటి మొక్కల రకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము ప్రకారము రైతు తన పంట విత్తనమును దాచుకొనవచ్చును, నాటుకొనవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, అమ్ముకొనవచ్చును. రక్షిత రకమును వ్యాపారపు పేరుతో, ముద్రతో అమ్మరాదు, అంతియే. ఈ హక్కు పుస్తకమునందున్నది. చేతిలో విత్తనమే కొఱవడుచున్నది.

మన గ్రంథాలయమునకు ఒక విన్నపము

నా బాల్యమున మా యూరి దొడ్లలో పది పండ్రెండు నాటుమామిళ్లు పేరు పెట్టి పిలువబడుచుండెను. ఒకటి ఆవకాయకు, ఒకటి మాగాయకు, ఒకటి పిల్లలు చీకుటకు. నేడు రెండు మిగిలినవి. ఒక్కొక్క చెట్టు పడినప్పుడు కలప ధర మాత్రము లెక్కకు వచ్చినది. రుచి ఏ పద్దునను చేరలేదు. కృష్ణ యొడ్డున రాజధానికై 2015 మొదలు ముప్పదివేల యెకరములకు పైగ భూమి సమీకరింపబడినది. ఊళ్లు పెరుగుచున్నవి, దొడ్లు ఇండ్లస్థలములగుచున్నవి. ఇది కాలధర్మము. కాని చెట్టు పోకముందు దాని అంటును, గింజను నిలుపుకొనుటకు కాలధర్మము అడ్డురాదు.

1984లో కరణీకములు రద్దగువఱకు గ్రామలెక్కలలో చెట్టుపట్టాల పద్దులుండెడివి. ఏ బంజరులో ఏ ఫలవృక్షమున్నదో, అనుభవదారెవ్వరో అందు తెలియుచుండెను. అట్టి చెట్ల చిట్టాను మన గ్రంథాలయము తెఱవవలెనని నా విన్నపము. ఏ దొడ్డిలో ఏ నాటుచెట్టున్నది, ఎన్నేండ్లది, ఏ నెలలో కాచును, కాయ యెట్టిది, రుచి యెట్టిది – అయిదు గడులు చాలును. దానిపక్కన ఒక విత్తనపు బీరువా. సీతాఫలము, బొప్పాయి, నాటుమిరప, వంగ గింజలు ఎండబెట్టి దాచదగినవి. పుస్తకమును తీసికొనిపోయినట్లే చందాదారుడు గింజలను గొనిపోయి, పంట పండినపిదప అంతకు రెట్టింపు తిరిగి జమకట్టవలెను. దాచరాని మామిడి, నేరేడు, పనసలకు బీరువా పనికిరాదు. చిట్టా చూచి, ఋతువున చెట్టుయొద్దకే పోయి టెంకను తాజాగ నాటుకొనవలెను, లేక అంటు కట్టించుకొనవలెను.

గ్రంథాలయమునకు ఇది తగని పనియని శంకింపవలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు మన పొరుగుననే పెదపాలెమునుండి కాలువమీద పడవలో పుస్తకములను ఊరూరికి పంపిరి. అప్పుడును ఇది గ్రంథాలయపు పనియా యని అనినవారుండియుందురు. పుస్తకమును గింజయు ఒక్క స్వభావముగలవి: మూసి యుంచినచో కొన్నేండ్లకు చెడును, చేతులు మాఱినచో పెరుగును. ఇరువదియైదేండ్లు పుస్తకములను కాపాడిన యీ సంస్థ రాబోవు ఇరువదియైదేండ్లకు గింజలనుగూడ తన పద్దున వ్రాసికొనుగాక. చిట్టా గీతలు గీయుటకు, మొదటి పద్దులు వ్రాయుటకు నేను సిద్ధముగ నున్నాను. రానున్న వేసవిలో మా యూరి రెండు మామిళ్లతో ప్రారంభింతము.